పత్రమా, ఉమ్మడి బృందమా: ఐటీ ప్రాజెక్టుల్లో విభాగాల పొత్తుకు ఏది మేలు?

కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టుకుంటున్న సంస్థల వారు తరచుగా ఒకే ప్రశ్న వేస్తున్నారు. వాడే విభాగాలు తమకు ఏమి కావాలో ముందే రాసి, సంతకం చేసి ఐటీ వారికి అప్పగించడం మంచిదా, లేక ఆ విభాగాల మనుషులను ప్రాజెక్టు ముగిసేదాకా ఐటీ వారితోనే కూర్చోబెట్టడం మంచిదా? గోదాము జీడిమెట్లలోనో పటాన్‌చెరులోనో, అకౌంట్స్ బేగంపేటలో, సాఫ్ట్‌వేర్ రాసేవారు మాదాపూర్‌లో ఉండే సంస్థలకు హైదరాబాద్‌లో కొదవ లేదు కనుక, ఇక్కడ రెండో మార్గం చెప్పినంత సులభం కాదు.

పత్రం పద్ధతిని పాతదని కొట్టిపారేయడం తగదు. బయటి వెండర్‌కు ఒకే మొత్తానికి పని అప్పగించినప్పుడు, రేపు పేచీ వస్తే చూపించడానికి ఆ సంతకాలే ఆధారం. నియమాలు ముందే స్థిరపడిన పనికి కూడా పత్రం చాలు. జీఎస్‌టీ ఈ-ఇన్వాయిస్‌నే, అంటే బిల్లును ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేసే పద్ధతినే తీసుకుందాం. 2020 అక్టోబరులో 500 కోట్ల రూపాయల టర్నోవరు దాటిన సంస్థలతో మొదలై, 2023 ఆగస్టు నాటికి 5 కోట్లు దాటిన వాటికీ వర్తించిన ఈ విధానంలో, ఏ వివరం ఏ గడిలో ఉండాలో ప్రభుత్వమే స్కీమాగా ప్రకటించింది. దాని ప్రకారం ఫైలు తయారుచేసే ప్రోగ్రాము కోసం అకౌంట్స్ వారిని రోజూ పక్కన కూర్చోబెట్టుకోవడం వృథా.

స్కీమా చెప్పని చోటే చిక్కంతా. అలాంటి ఒక ప్రాజెక్టు పత్రంలో ‘ఇన్వాయిస్ రద్దు చేసే వీలుండాలి’ అని ఒకే ఒక వాక్యం ఉండడం చూశాను. ఐటీ వారు దాన్ని అక్షరాలా పాటించి తెర మీద ఒక బటన్ పెట్టారు. పోర్టల్‌లో మాత్రం ఐఆర్‌ఎన్‌ను, అంటే నమోదైన ఇన్వాయిస్‌కు అక్కడ వచ్చే గుర్తింపు సంఖ్యను, 24 గంటల లోపే రద్దు చేయగలం. సరుకు రవాణాకు తీసుకున్న ఈ-వే బిల్లు చెల్లుబాటులో ఉంటే అదీ కుదరదు. రద్దయిన ఇన్వాయిస్ నంబరుతో మళ్లీ ఐఆర్‌ఎన్ రాదు. ఇవి అకౌంట్స్‌లో అందరికీ తెలిసినవే. అంతగా తెలిసినవి కాబట్టే పత్రంలో రాయాలని ఎవరికీ తోచలేదు. ఇంతవరకు ఉన్నది సమాచార లోపం, పత్రాన్ని సవరిస్తే తీరిపోతుంది. తీరనిది తరువాత వచ్చింది. గడువు దాటాక తిరిగొచ్చిన సరుకుకు క్రెడిట్ నోట్ (బిల్లు మొత్తాన్ని తగ్గించే పత్రం) ఇవ్వాలి సరే, దానికి ఆమోదం ఎవరిది? సేల్స్ వారు అకౌంట్స్‌ను చూపించారు, అకౌంట్స్ వారు సేల్స్‌ను చూపించారు, ఐటీ వారి టికెట్ (పని అభ్యర్థన) ‘పెండింగ్’లో ఉండిపోయింది. సరుకు గోదాములో దిగింది కానీ స్టాకు లెక్కలోకి ఎక్కలేదు.

నా దృష్టిలో మొత్తం వ్యవహారాన్ని తేల్చేది ఇదే: దారిలో తలెత్తే ప్రశ్నకు ‘ఇలా చేయండి’ అని చెప్పే అధికారం ఉన్న మనిషి ఎంత దగ్గరలో ఉన్నాడన్నది. తెలిసినవాడు దొరకడం కష్టం కాదు, తేల్చగలిగినవాడు దొరకడమే కష్టం. అందుకే నా మొగ్గు ఉమ్మడి బృందం వైపు. సాఫ్ట్‌వేర్ తయారీ తీరు గురించి వెలువడిన 2001 నాటి అజైల్ మేనిఫెస్టో సూత్రాల్లో, వ్యాపారం చూసేవారూ సాఫ్ట్‌వేర్ రాసేవారూ రోజూ కలిసి పనిచేయాలన్నది ఒకటి. మన దగ్గర దాన్ని రోజూ ఉదయం ఒక మీటింగుగా కుదించి, ఆ మీటింగుకు విభాగంలో అందరికంటే కొత్తగా చేరిన ఉద్యోగిని పంపడం రివాజైంది. అతను ప్రతి ప్రశ్నకూ ‘మా సార్‌ను అడిగి చెబుతాను’ అంటే, అది పత్రం పద్ధతి కంటే నెమ్మది.

ఒక వ్యవస్థను రూపొందించే సంస్థలో మనుషుల మధ్య రాకపోకలు ఎలా ఉంటాయో, ఆ వ్యవస్థ కూడా అలాగే తయారవుతుందని అమెరికా కంప్యూటర్ శాస్త్రవేత్త మెల్విన్ కాన్వే 1968లోనే రాశారు. స్టోర్స్, అకౌంట్స్ ఎవరికి వారే యమునా తీరే అన్నట్టు ఉన్న చోట, ఒకే వస్తువుకు రెండు మాడ్యూళ్లలో రెండు కోడ్‌లు ఉండడంలో ఆశ్చర్యం లేదు.

అయితే ఉమ్మడి బృందానికి ఖర్చు ఉంది, అది జీతం కాదు, సమయం. పాత పని తగ్గించకుండా మనిషిని ప్రాజెక్టుకు ఇస్తే అతనికి రెండు పడవల మీద కాళ్లే. నెలవారీ రిటర్నులు వేసే సంస్థలో 11వ తేదీన జీఎస్‌టీఆర్-1 (అమ్మకాల వివరాలు), 20న జీఎస్‌టీఆర్-3బీ (పన్ను లెక్క, చెల్లింపు) గడువులు ఉంటాయి. ఆ తేదీలకు ముందు రోజుల్లో అకౌంట్స్ మనిషి దొరకడు, కాబట్టి ఆ రోజుల్లో టెస్టింగ్ పెట్టకూడదు. అతను వారంలో రెండు రోజులు మాదాపూర్‌లో, ఐటీ వారి దగ్గర ఉంటే చాలు, మిగతా రోజులు ఫోన్‌తో నడుస్తాయి.

ప్రాజెక్టును పైనుంచి పర్యవేక్షించే స్టీరింగ్ కమిటీలు బడ్జెట్ మంజూరుకు పనికొస్తాయి, నెలకోసారి కలిసేవారు రోజువారీ సందేహాలు తీర్చలేరు. బయటి కన్సల్టెంటును మధ్యవర్తిగా పెట్టుకోవడం సొంత ఐటీ విభాగమే లేని సంస్థలకు తప్పనిసరి, మిగతావారికి అనవసరం.

ఉమ్మడి బృందం వైపు వెళ్లేవారు ముందే కాగితం మీద పెట్టుకోవలసిన విషయం ఒకటుంది: ప్రాజెక్టుకు ఇచ్చిన మనిషి అప్రైజల్ ఎవరు రాయాలి? అది సొంత విభాగాధిపతి చేతిలోనే ఉంటే, ఆయన కంటికి కనిపించేది ఖాళీ కుర్చీ మాత్రమే. ప్రాజెక్టు మేనేజరు అభిప్రాయం కూడా అందులో తప్పక చేరేలా హెచ్‌ఆర్‌తో ముందే ఒప్పించుకోవాలి, లేకపోతే రెండో ప్రాజెక్టుకు సమర్థులెవరూ ముందుకు రారు.