ఇంట్లో ఫొటో ప్రింట్లకు ఏ సాఫ్ట్‌వేర్? కొన్నేళ్ల వాడకం తర్వాత నా సమీక్ష

ఫొటో ప్రింటర్ కొనేవాళ్లు ఇంకు ఖర్చెంత, పేపరు ధరెంత అని అడుగుతారు. ప్రింట్ ఏ సాఫ్ట్‌వేర్ నుంచి ఇవ్వాలో ఎవరూ అడగరు. మా ఇంట్లో ఉన్నది ఎప్సన్ ఎల్805, ఆరు రంగుల ఇంకు ట్యాంకు ప్రింటర్. అదే ప్రింటర్, అదే పేపరు, అదే ఫొటో అయినా సాఫ్ట్‌వేర్ మారితే ప్రింటు మారిపోతుంది. ఇన్నేళ్లు వాడాక ఇది గట్టిగా చెప్పగలను.

విండోస్‌లో ఫొటో మీద రైట్ క్లిక్ చేసి ప్రింట్ నొక్కితే ఒక విండో వస్తుంది కదా, దాని అడుగున 'ఫిట్ పిక్చర్ టు ఫ్రేమ్' అని ముందే టిక్ పెట్టి ఉంటుంది. ఫోన్ ఫొటోల నిష్పత్తి ఎక్కువగా 4:3. 4x6 అంగుళాల పేపరుది 3:2. ఆ టిక్ ఉంటే ఫొటో పేపరు నిండా వస్తుంది, అలా రావాలంటే ఫొటోలో తొమ్మిదో వంతు పోవాల్సిందే. పెళ్లి గ్రూప్ ఫొటో అయితే ఆ పోయేది వెనక వరస వాళ్ల తలలు కావచ్చు. టిక్ తీసేస్తే ఫొటో మొత్తం వస్తుంది, పక్కన తెల్ల అంచు మిగులుతుంది. ఎక్కడ కోయాలో మనం చెప్పే వీలు మాత్రం అక్కడ లేదు.

ఫొటోలు చూసే సాఫ్ట్‌వేర్ ఇర్ఫాన్‌వ్యూ ఇంటి వాడకానికి ఉచితం, పాత కంప్యూటర్‌లోనూ చకచకా నడుస్తుంది. 3:2 నిష్పత్తిలో మనకు కావలసిన చోట క్రాప్ చేసుకుని, సైజు ఇచ్చి ప్రింట్ తీయొచ్చు. అప్పుడప్పుడూ నాలుగు ఫొటోలు తీసుకునేవాళ్లకు ఇది చాలు. ఒకే పేజీలో రకరకాల సైజులు సర్దాలంటే మాత్రం విసుగొస్తుంది.

ఆల్బమ్ పనికి నేను క్యూఇమేజ్ అల్టిమేట్ వాడుతున్నాను. డబ్బు పెట్టి కొనాలి, విండోస్‌లోనే నడుస్తుంది. చూడ్డానికి పాతకాలం వాలకం, మొదట్లో ఏ బటన్ ఎందుకో అర్థం కాదు. కానీ ప్రింటింగ్ కోసమే పుట్టిన సాఫ్ట్‌వేర్ ఇది. రకరకాల సైజుల ఫొటోలు ఇస్తే పేపరు వృథా కాకుండా తనే సర్దుతుంది. ప్రింటర్ రిజల్యూషన్‌కు తగ్గట్టు ఫొటోను పెంచి, సైజును బట్టి షార్ప్ చేస్తుంది. అసలు ఫైలును ముట్టుకోదు.

నాకు అన్నిటికన్నా నచ్చింది రంగుల దగ్గర. ఐఫోన్ ఫొటోలు డిస్‌ప్లే పీ3 అనే పెద్ద రంగుల పరిధిలో ఉంటాయి. ఫొటో ఫైల్లో ఆ పరిధిని చెప్పే ప్రొఫైల్‌ని పట్టించుకోని సాఫ్ట్‌వేర్‌తో ప్రింట్ తీస్తే కుంకుమ ఎరుపు, పట్టుచీర రంగు వెలిసినట్టు వస్తాయి. క్యూఇమేజ్ దాన్ని చదువుకుని, మనం ఎంచుకున్న పేపరు ప్రొఫైల్‌కి (ఆ పేపరు మీద రంగులు ఎలా పడతాయో చెప్పే ఫైలు) మారుస్తుంది. అయితే ఒక షరతు: రంగులు సాఫ్ట్‌వేర్‌కి అప్పగిస్తే డ్రైవర్‌లో (ప్రింటర్‌ను నడిపే ఎప్సన్ సాఫ్ట్‌వేర్) రంగుల దిద్దుబాటు పూర్తిగా ఆపేయాలి. ఒకే ఫొటోను రెండు చోట్లా దిద్దితే ముఖాల రంగు గులాబీ వైపు జారిపోతుంది. అప్పుడు చాలామంది ఇంకును తిడతారు, తప్పు ఇంకుది కాదు.

ఏ సాఫ్ట్‌వేరైనా పిక్సెళ్లు లేని చోట వివరం పుట్టించలేదు. 4x6కి అంగుళానికి 300 లెక్కన 1200x1800 పిక్సెళ్లు కావాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో కుంచించుకుపోతుంది కాబట్టి డాక్యుమెంట్‌గా పంపమని అడగండి.

ఏటా ఒకటో రెండో ఆల్బమ్‌లు, చుట్టాలకు పంచే ప్రింట్లు ఉంటేనే క్యూఇమేజ్ కొనండి. లేకపోతే ఆ డబ్బు మంచి పేపరు మీద పెట్టడం మేలు.

పాస్‌పోర్టు సైజు ఫొటోలు తీసేవాళ్లకు ఇంకో మాట. 35x45 మిల్లీమీటర్లవి 4x6 షీటు మీద ఎనిమిది పడతాయి. బోర్డర్‌లెస్ మాత్రం పెట్టకండి. అంచుల దాకా ఇంకు పడాలని డ్రైవర్ ఫొటోను కాస్త పెద్దది చేస్తుంది, సాఫ్ట్‌వేర్‌లో మీరిచ్చిన కొలత తప్పుతుంది. అంచు ఉంచి ఒక షీటు తీసి, కోసే ముందు స్కేలు పెట్టి చూడండి. నిలువు 45 రాకపోతే డ్రైవర్‌లో 'ఫిట్ టు పేజ్' ఆన్‌లో ఉందేమో చూసుకోండి.