నాపా, సొనోమాల్లో ఇల్లు అమ్మే ముందు: డబ్బు కిచెన్ మీద పెట్టాలా, చూరు మీద పెట్టాలా?

కాలిఫోర్నియాలో వైన్‌కి పేరున్న నాపా లోయలోనో సొనోమా కొండల్లోనో ద్రాక్షతోటను ఆనుకుని ఉన్న ఇల్లు అమ్మాలనుకునేవాళ్ళు నన్ను మొట్టమొదట అడిగే మాట ఒకటే: "కిచెన్ కొత్తగా చేయించమంటారా?" సిలికాన్ వ్యాలీలో ఏళ్ళ తరబడి ఉద్యోగాలు చేసి, వారాంతాలకని ఇక్కడ ఇల్లు కొనుక్కున్న మన తెలుగువాళ్ళూ ఇదే అడుగుతారు. ఫ్రీమాంట్‌లోనో సన్నీవేల్‌లోనో అయితే అది సరైన ప్రశ్నే. ఇక్కడ లెక్క వేరు. శాంటా రోజాలో ఉంటూ ఇళ్ళను అమ్మకానికి సిద్ధం చేసే పని నాది. ఖర్చుకని పక్కన పెట్టిన డబ్బు పరిమితంగా ఉంటే, అది ముందు చూరు కింద, గోడ పక్కన, బోరు దగ్గర పెట్టమని చెప్తాను. కిచెన్ వంతు ఆ తర్వాతే.

కిచెన్ వైపు వాదనలో బలం లేకపోలేదు. ఈ ప్రాంతంలో ఇల్లంటేనే పదిమందిని పిలిచి భోజనం పెట్టడానికి. ఫోటోల్లో జనం మొదట చూసేది వంటిల్లే. కానీ ఈ స్థాయి ఇల్లు కొనేవాళ్ళు చాలామంది వచ్చేటప్పుడే తమ ఆర్కిటెక్టును వెంటబెట్టుకుని వస్తారు. మీరు ముచ్చటపడి వేయించిన రాయి వాళ్ళకి నచ్చకపోతే ఊడదీయిస్తారు, దాని ఖరీదు మాత్రం మీ జేబులోంచి పోయినట్టే. పైగా గోడలు కదిలిస్తే పర్మిట్లు కావాలి, నెలలు పడతాయి, అమ్మే కాలం చేజారుతుంది. అందుకే పెయింట్, అల్మరా పిడులు, లైట్లు, కారే కుళాయిల దగ్గర ఆగిపోండి. పొయ్యి పైన చిమ్నీలో జిడ్డు మాత్రం పూర్తిగా తీయించండి. మన వంటల పోపు వాసన మనకి తెలియదు, లోపలికి అడుగుపెట్టినవాళ్ళకి తెలుస్తుంది.

సొనోమాలో గ్లెన్ ఎలెన్ అనే ఊరి పైన కొండ మీద ఇల్లున్న ఒక తెలుగు దంపతులు నా దగ్గరికి వచ్చేసరికే వంటిల్లు మొత్తం మార్చేశారు. చూడముచ్చటగా ఉంది. మంచి బేరం కూడా వచ్చింది, ఎస్క్రోలోకి, అంటే అమ్మకం పూర్తయ్యేదాకా డబ్బూ కాగితాలూ మూడోవాళ్ళ దగ్గర ఉండే దశలోకి వెళ్ళింది. పది రోజుల తర్వాత కొనే ఆయన ఫోన్ చేసి ఇల్లు చాలా నచ్చిందని, ఇన్సూరెన్స్ ఇచ్చేవాళ్ళే దొరకడం లేదని చెప్పి వెనక్కి తగ్గాడు. ఆ రోజు ఇంటావిడ కొత్త కౌంటర్ మీద చెయ్యి ఆనించి చాలాసేపు అలాగే నిలబడిపోయింది.

ఇన్సూరెన్స్ కంపెనీలకి ఈ కార్చిచ్చు భయం ఎక్కడినుంచి వచ్చిందో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. 2017 అక్టోబరు 8 రాత్రి కాలిస్టోగా దగ్గర మొదలైన టబ్స్ అనే కార్చిచ్చు తెల్లవారేలోపు కొండలు దాటి శాంటా రోజాలోకి వచ్చేసింది. నిప్పురవ్వలు 101 హైవేని దాటి అవతల కాఫీ పార్క్ అనే కాలనీని బూడిద చేశాయి. ఆ మంటలో 22 మంది చనిపోయారు, 5,600కి పైగా కట్టడాలు కాలిపోయాయి. 2019 అక్టోబరులో కిన్‌కేడ్, 2020 సెప్టెంబరులో గ్లాస్ అనే కార్చిచ్చులు వచ్చాయి. ఆ తర్వాత ఇన్సూరెన్స్ కంపెనీలు ఒక్కొక్కటే చెయ్యి వెనక్కి తీసుకున్నాయి. ఎవరూ ఇవ్వకపోతే చివరి దిక్కు 1968లో ఏర్పడిన కాలిఫోర్నియా ఫెయిర్ ప్లాన్ అనే బీమా పథకం. ఇళ్ళకి దాని పరిమితి 30 లక్షల డాలర్లు. ఇక్కడి పెద్ద ఇల్లు మళ్ళీ కట్టాలంటే అది చాలదు, మిగతాదానికి ఇంకో పాలసీ వెతుక్కోవాలి. ఇన్సూరెన్స్ లేకుండా బ్యాంకు అప్పు ఇవ్వదు. నగదుతో కొనేవాళ్ళు కూడా ఆ ధైర్యం చేయరు.

చట్టం కూడా ఇటే చూస్తోంది. 2021 జులై 1 నుంచి, మంటల ముప్పు 'హై' లేదా 'వెరీ హై' అని గుర్తించిన ప్రాంతాల్లో ఇల్లు అమ్మేవాళ్ళు, ఇంటి చుట్టూ ఖాళీ నియమాల ప్రకారం ఉందని తనిఖీ పత్రం చూపించాలి. ఆ తనిఖీ ఒప్పందానికి ముందు 6 నెలల లోపల జరిగి ఉండాలి. మీకు వీలుకాకపోతే, అమ్మకం పూర్తయ్యాక ఏడాదిలోపు తెచ్చుకుంటానని కొనేవాళ్ళు రాసివ్వొచ్చు. ఇక్కడే చాలామంది "వాళ్ళే చూసుకుంటారులే" అని వదిలేస్తారు. నేను ఒప్పుకోను. ఆ పని వాళ్ళకి వదిలితే అది బేరంలో మీ మీదికి తిరిగొస్తుంది, అసలు ఖర్చు కంటే ఎక్కువే కోస్తారు. 2010కి ముందు కట్టిన ఇల్లయితే, మంటకి ఎక్కడెక్కడ బలహీనంగా ఉందో కూడా మీరే చెప్పాలి. రాష్ట్రం 2025లో ఊళ్ళకి కొత్త మంటల ముప్పు మ్యాపులు ఇచ్చింది కాబట్టి, పాత మ్యాపులో మీ ఇల్లు లేదన్న ధీమా పెట్టుకోవద్దు.

ఒకసారి నాతో పాటు ఇంటి చుట్టూ నడవండి. చూరు కింద గాలి ఆడడానికి పెట్టిన వెంట్లకి జాలీ ఉంటుంది. పాత ఇళ్ళలో దాని కన్ను పావు అంగుళం. రవ్వ అందులోంచి సుఖంగా లోపలికి పోయి అటకలో పడుతుంది. బయట గోడ చెక్కుచెదరకుండానే ఇల్లు లోపలినుంచి అంటుకుంటుంది. ఎనిమిదో వంతు అంగుళమో అంతకంటే సన్నమో ఉన్న ఇనప జాలీ వేయించాలి, లేదా రవ్వల్ని ఆపేలా తయారుచేసిన వెంట్లు పెట్టించాలి. చిన్న పని, ఒకట్రెండు రోజుల్లో అయిపోతుంది. తర్వాత గట్టర్లో చెయ్యి పెట్టండి, ఎండిన ఓక్ ఆకులు గుప్పెడు వస్తాయి. గుమ్మం ముందు కొబ్బరిపీచు పట్ట, గోడని ఆనుకుని పోసిన చెక్కపొట్టు, ఇంటికి అతుక్కున్న చెక్క గేటు: ఈ మూడూ వత్తుల్లాంటివే. గోడ నుంచి 5 అడుగుల లోపల కాలేది ఏదీ ఉండకూడదు. అక్కడ గులకరాళ్ళు పోయించండి. మా పల్లెలో తాటాకు ఇళ్ళున్న రోజుల్లో ఎండాకాలం గాలి లేస్తే అమ్మమ్మ పొయ్యి ఆర్పేసి నీళ్ళు చల్లేది. రవ్వ చూరెక్కితే ఏమవుతుందో ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

అసలు తగువు మొక్కల దగ్గర వస్తుంది. ఇల్లు అలంకరించేవాళ్ళు గోడ పొడుగునా లావెండర్, రోజ్‌మేరీ పెట్టమంటారు. దారికి రెండు వైపులా ఇటాలియన్ సైప్రస్ చెట్లు ఉండాలంటారు, ఇటలీలోని టస్కనీలా కనిపించాలని. అగ్నిమాపకశాఖ వాళ్ళు అవే తీసేయమంటారు. గ్లెన్ ఎలెన్ ఇంట్లో నేను సైప్రస్ కొమ్మల మధ్యకి మోచేతి దాకా చెయ్యి పెట్టి తీసి చూపించాను. పైకి పచ్చగా నిగనిగలాడే చెట్టు లోపలంతా గోధుమరంగు ఎండు. అరచేతిలో పొడి అయిపోయింది. దూరాన దారి మొదట్లో ఉన్నవి లోపల శుభ్రం చేయించి ఉంచుకోవచ్చు, ఇంటి పక్కవి తీసేయాల్సిందే. అందం తగ్గుతుందని ఇంటాయన బాధపడ్డాడు. తీశాక చూస్తే, పడకగది కిటికీలోంచి అంతవరకూ కనపడని తోట వరసలు కొండ దాకా కనిపించాయి. రోజ్‌మేరీ నూనె ఉన్న మొక్క, గోడకి దూరంగా రాళ్ళ మధ్య విడివిడిగా పెట్టుకోవచ్చు. పాత ఓక్ చెట్ల మీద మాత్రం గొడ్డలి పడనివ్వొద్దు. కింది కొమ్మలు ఎత్తుగా కత్తిరిస్తే చాలు. వాటి కింద పచ్చిక పెంచి వేసవిలో నీళ్ళు పెట్టకండి, వేరుకుళ్ళు వస్తుంది.

నీళ్ళు, మురుగు గురించి రాస్తే చదవబుద్ధి కాదని తెలుసు, అయినా చెప్పాలి. ఊరి బయట ఇళ్ళకి బోరు, సెప్టిక్ ట్యాంకు తప్ప వేరే దారి లేదు. బోరు నిమిషానికి ఎన్ని గ్యాలన్లు ఇస్తుందో వాన ఆగీఆగగానే పరీక్షిస్తే అంకె బాగుంటుంది. వేసవి చివర్లో చేయించిన పరీక్షని కొనేవాళ్ళు ఎక్కువ నమ్ముతారు. సెప్టిక్‌కి అనుమతి పడకగదుల లెక్కన ఇస్తారు. మీరు ఆఫీసు గదిని పడకగది చేసి నాలుగని ప్రకటిస్తే, కాగితం మూడే అంటే అక్కడ బేరం ఆగుతుంది. పాత కొట్టాన్ని గెస్ట్ హౌస్‌గా మార్చిన ఇళ్ళలో పర్మిట్ ఉందో లేదో ముందే వెతకండి.

ఇక తీగలు. పెరట్లో ఎకరమో అరెకరమో ద్రాక్ష ఉంటే ఉంచాలా, పీకించి కొత్తవి నాటించాలా? కొత్తగా నాటితే మూడో ఏడాదికి గానీ పంట రాదు. కొనేవాళ్ళకి కనిపించేది కర్రలూ గొట్టాలే. అమ్మే ముందు నాటొద్దు. మందు కొట్టకుండా బూజు పట్టించి వదిలేసిన తోట మాత్రం అసలు తోట లేకపోవడం కంటే అన్యాయం. ఏడాదంతా చూసుకునే మనిషిని పెట్టుకోలేకపోతే తీయించేసి నేల శుభ్రంగా ఉంచండి. శరత్కాలంలో ఎర్రబడ్డ ఆకులతో ఫోటోలు తీయించాలని చాలామందికి సరదా. తెలిసినవాళ్ళు ఆ ఎరుపుని వేరుగా చదువుతారు. ఆకు ఎర్రబడి ఈనెలు పచ్చగానే ఉండి అంచులు కిందికి ముడుచుకుంటే లీఫ్‌రోల్ వైరస్ అయి ఉండొచ్చు. ఈనెలు కూడా ఎర్రబడితే రెడ్ బ్లాచ్ అనే ఇంకో వైరస్ అని అనుమానం. ల్యాబులో పరీక్ష చేయించి ఉన్నదున్నట్టు చెప్పండి. పండు అమ్మితే ఇంత వస్తుందని ఆశలు మాత్రం రాయకండి. 2024లో కొనేవాళ్ళు లేక కాలిఫోర్నియాలో చాలాచోట్ల పండు తీగల మీదే ఉండిపోయింది.

వసంతమా, పంట కోతల కాలమా? సెప్టెంబరు, అక్టోబరుల్లో ఊరంతా పులుస్తున్న ద్రాక్ష వాసన, రోడ్ల మీద పండ్ల లారీలు, హోటళ్ళ నిండా జనం. ఇల్లు చూడడానికి అంతకంటే మంచి రోజులు లేవు. అయినా నా ఓటు వసంతానికే. దగ్గర్లో మంట అంటుకుంటే కంపెనీలు ఆ ప్రాంతంలో కొత్త పాలసీలు ఇవ్వడం ఆపేస్తాయి, అన్నీ కుదిరిన బేరం కూడా ఆగిపోతుంది. గాలులు వీచే రోజుల్లో మంట రాకుండా ముందే కరెంటు తీసేస్తారు, ఇల్లు చూపించడం కుదరదు. జనవరి, ఫిబ్రవరిలో తీగలు కత్తిరించి మోడుల్లా ఉంటాయి, మార్చిలో చిగురేస్తాయి, మే నాటికి వరసలు నిండుతాయి. చూరు, జాలీ, చెట్ల పనులు నవంబరులో మొదలుపెట్టి, ఏప్రిల్‌లో గడ్డి కోయించి, తనిఖీ చేయించి, మే నెల సాయంత్రాల్లో ఫోటోలు తీయించండి.

అద్దె ఫర్నిచరా, సొంతదా అన్నదానికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. మీ సోఫాలు బాగుంటే సగం తీసేసి మిగతావి తోటవైపు తిప్పండి, లేకపోతే అద్దెకి తెప్పించండి. దేవుడి గది విషయంలో మాత్రం మనవాళ్ళు నొచ్చుకుంటారు. పటాలు హడావిడిగా అట్టపెట్టెల్లో సర్దకండి. మంచిరోజు చూసి ఉద్వాసన చెప్పి, మీరు ఉండే ఇంటికి తీసుకెళ్ళాకే ఫోటోలవాళ్ళని పిలవండి.

పన్ను దగ్గర ఒక్క మాట. గత 5 ఏళ్ళలో కనీసం 2 ఏళ్ళు సొంతంగా నివాసం ఉన్న ఇంటికైతే దంపతులకి 5 లక్షల డాలర్ల లాభం దాకా మినహాయింపు దొరుకుతుంది. వారాంతాల ఇంటికి అది రాదు. గ్రీన్ కార్డు వదిలేసి హైదరాబాదు వెళ్ళిపోయి అక్కడినుంచి అమ్మేవాళ్ళయితే, ధరలో 15 శాతం పన్ను కింద ముందే పట్టుకుంటారని తెలుసుకుని లెక్కలు వేసుకోండి.

గ్లెన్ ఎలెన్ ఇల్లు మరుసటి మే నెలలో మళ్ళీ అమ్మకానికి పెట్టాం. కొన్న ఆవిడ కిచెన్‌లో రెండు నిమిషాలు నిలబడిందేమో. బయటికి వచ్చి గోడ వెంబడి గులకరాళ్ళ మీద నడుస్తూ చూరు కింద ఆగింది. తల పైకెత్తి జాలీని ఫోన్‌లో ఫోటో తీసి, అక్కడినుంచే తన ఇన్సూరెన్స్ ఏజెంటుకి పంపింది.