డెల్టా ఉక్కలో కూలరు తీసి ఏసీ: ఒకటిన్నర టన్ను ఇన్వర్టర్ స్ప్లిట్ సమీక్ష

కూలరును తిట్టుకునే ముందు గాలి ఎటు నుంచి తోలుతోందో చూడండి. రోహిణి కార్తెలో పడమటి గాలికి 42 డిగ్రీల వేడి, 25 శాతం తేమ ఉందనుకుందాం. గడ్డి బాగున్న కూలరు 29 డిగ్రీల గాలి ఇస్తుంది. అదే సముద్రపు గాలి తిరిగి 36 డిగ్రీలు, 65 శాతం తేమ అయితే, పంపు ఎంత తడిపినా 31 కంటే దిగదు. వచ్చే గాలిలో తేమ మాత్రం 90 శాతం దాటుతుంది, ఇక చెమట ఆరదు. అమలాపురం, నర్సాపురం వైపు ఉక్క రోజులన్నీ ఈ రెండో రకమే.

అంటే ఇక్కడ ఏసీ కొనేది చల్లదనానికి ఎంతో, తేమ లాగడానికీ అంతే. ఇన్వర్టర్ స్ప్లిట్, అంటే అవసరాన్ని బట్టి కంప్రెసర్ వేగం మార్చుకునే ఏసీ, ఆ పని చక్కగా చేస్తుంది, కానీ గదికి తగ్గ సైజు అయితేనే. పది బై పన్నెండు గదికి 1 టన్ను చాలు. పన్నెండు బై పదిహేను గదికి, లేదా పైన ఎండ కాసే శ్లాబు ఉంటే 1.5 టన్ను. చిన్న గదికి పెద్దది పెడితే గది చప్పున చల్లబడి కంప్రెసర్ నెమ్మదిస్తుంది, లోపలి కాయిల్ తగినంత చల్లగా ఉండదు, గాలిలో తేమ నీరై దిగదు. పడక చల్లగా, జిడ్డుగా ఉంటుంది. వానాకాలంలో తేమ లాగడానికే ఉన్న డ్రై మోడ్ వాడుకోండి.

బిగింపు దగ్గరే ఎక్కువ చెడుతుంది. పైపులు కలిపాక, వాటిలోని గాలి, తేమ లాగేసే వాక్యూమ్ పంపు కనీసం 20 నిమిషాలు నడవాలి. గ్యాసు కాస్త వదిలి గాలి తోలేసే పద్ధతికి ఒప్పుకోవద్దు. పైపులు కలిసే చోట ఉండే ఫ్లేర్ నట్లకు సబ్బు నురగ రాసి లీకు చూడమనండి. డ్రైన్ పైపుకు వాలు ఉండాలి, లేకపోతే గోడ నానుతుంది. కూలరు పెట్టిన కిటికీ కంతను గట్టిగా మూయాలి. కూలరుకు కిటికీ తెరవడం ఎంత అవసరమో, ఏసీకి మూయడం అంత అవసరం.

ఉప్పుగాలికి అవుట్‌డోర్ యూనిట్ తొందరగా పాడవుతుంది. పూత ఉన్న రాగి కాయిల్, గాల్వనైజ్డ్ స్టాండు అడగండి. కొబ్బరి చెట్టు కింద బిగించొద్దు, కాయ పడితే వారంటీ పనికిరాదు!

వైరింగుకు 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, విడిగా 20 ఆంపియర్ల ఎంసీబీ (లోడు మించితే కరెంటు ఆపే స్విచ్), సరైన ఎర్తింగ్ కావాలి. రాత్రిళ్లు చేపలు, రొయ్యల చెరువుల్లో నీటికి గాలి ఎక్కించే ఏరేటర్లు తిరిగే ఊళ్లలో వోల్టేజీ పడిపోతే 4 కేవీఏ స్టెబిలైజర్ తప్పదు. లోడు పెంచమని కరెంటు సంస్థ ఈపీడీసీఎల్‌కు ముందే దరఖాస్తు పెట్టండి. కూలరు 200 వాట్ల సరుకు, ఇది మొదట్లో కిలోవాటున్నర దాకా లాగుతుంది. 24 డిగ్రీల మీద పెట్టి ఫ్యాను కలిపితే బిల్లు దారికొస్తుంది.

కూలరును మాత్రం అమ్మేయకండి. కరెంటు పోయినప్పుడు ఇంటి బ్యాటరీ ఇన్వర్టర్ మీద తిరిగేది అదే, పడమటి గాలి రోజులకూ చాలు.