వర్కల పారాగ్లైడింగ్: కుట్లు చూశాకే ఎక్కాను

తిరుపతి బైరాగిపట్టెడలో 26 ఏళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. మా పాపకి త్రివేండ్రంలో ఉద్యోగం. జనవరిలో చూడ్డానికి పోతే, "వర్కలకి పోదాం మా, సముద్రం గట్టు మీద ఎగరొచ్చు" అని నాకు చెప్పకుండానే 3,500 కట్టేసింది. వెనక్కి ఇవ్వరంట. ఇంకేం చేస్తాను, పోయాను.

అక్కడ సముద్రాన్ని ఆనుకుని ఎర్రటి గట్టు నిట్టనిలువుగా ఉంటుంది. కింద పాపనాశం బీచి. మన కొండ మీద పాపవినాశనం పెట్టుకుని ఇంత దూరం వచ్చామా అనుకున్నా.

పదకొండుకి హెలిప్యాడ్ దగ్గరికి రమ్మన్నారు, ఎగిరింది మూడున్నరకి. నేల బాగా వేడెక్కితేగానీ సముద్రం మీంచి గాలి తోలదు. ఆ గాలి గట్టుకి కొట్టుకుని పైకి లేస్తుంది, దాని మీదే తేలాలి. ఇంజనేమీ ఉండదు. పాప విసుక్కుంది. నాకు మాత్రం పొద్దు బాగానే గడిచింది, మనల్ని ఎగరేసే గొడుగు గుడ్డ నేల మీద పరిచి ఉంది కదా.

పలచటి నైలాన్. దగ్గరగా చూస్తే చిన్న చిన్న గళ్లు. గళ్ల గీతల్లో దారం కాస్త మందం, అందుకే ఒకచోట చిరిగినా ముందుకి సాగదు. పైగుడ్డ, కిందిగుడ్డ, మధ్యలో నిలువు అడ్డగుడ్డలు. ముందువైపు తెరిచి, వెనకవైపు మూసి కుట్టారు. దిండు గలీబులు వరసగా అతికించినట్టే. ముందునుంచి గాలి దూరి ఉబ్బితే అదే రెక్క. తాళ్లు కట్టే చోట ప్యాంటు బెల్టు లూపులకి వేస్తామే, అలాంటి గట్టి కుట్టు. వేలితో లాగి చూశా. ఒక్క దారం కూడా లేవలేదు. అప్పుడే సగం భయం పోయింది.

కానీ నాకిచ్చిన హెల్మెట్ పట్టీ కుట్టు ఊడుతోంది. చూపిస్తే గమ్మున వేరేది తెచ్చిచ్చారు. నేను చూపించకపోతే?

పైలట్ మలయాళీ అబ్బాయి, తమిళంలో మాట్లాడాడు, మనకదేం కొత్త కాదు. "పరిగెత్తండమ్మా, కూర్చోవద్దు" అన్నాడు. నాలుగడుగులు వేశానో లేదో, కాలి కింద నేల లేదు. అలిపిరి మెట్లెక్కేటప్పుడు శేషాచలం అంచున రెక్క ఆడించకుండా నిలబడే గద్దల్ని ఎన్నిసార్లు చూశానో. అవి చేసే పని ఇదేనని ఆ పొద్దు తెలిసింది. గట్టు పొడుగునా పోవడం, తిరిగి రావడం. తిరిగిన ప్రతిసారీ సముద్రం వైపే తిప్పాడు. గట్టు వైపు తిప్పితే గాలి రాతికి నెట్టేస్తుందంట. హిమాచల్‌లో బీర్ బిల్లింగ్ దగ్గరైతే వేడిగాలి సుళ్లు పట్టుకుని కొండ మీంచి కొండకి కిలోమీటర్ల కొద్దీ పోతారని చెప్పాడు. ఇక్కడ అంత లేదు, పన్నెండు నిమిషాలే. చప్పుడంటే తాళ్లలో గాలి ఈల ఒక్కటే. మిషన్ చప్పుడు లేని పన్నెండు నిమిషాలు నాకు ఎప్పుడు దొరికాయో గుర్తు లేదు.

దిగాక వీడియోకి వేరేగా 500 అన్నారు. ముందే చెప్పుంటే ఇచ్చేదాన్ని. దానికీ హెల్మెట్‌కీ కలిపి ఒక స్టార్ తగ్గించాను.

పోయేవాళ్లు చీర కట్టుకోవద్దు, చుడీదారైనా చున్నీ తీసి పక్కన పెట్టండి. వానాకాలంలో పోవద్దు. పాత గొడుగు గుడ్డ ఒక మూర ఇమ్మని అడిగాను, సంచి కుట్టుకుందామని. నవ్వారు గానీ ఇవ్వలేదు.