గిల్డ్ వార్స్ 2: యుద్ధాల కంటే రంగులే నచ్చాయి

గిల్డ్ వార్స్ 2 అనే ఆన్‌లైన్ ఆటలో నన్ను ఇన్నేళ్లు కట్టిపడేసింది యుద్ధం కాదు, రంగుల పెట్టె. ఒక్కో తొడుగుకు విడివిడిగా రంగు వేసుకునే భాగాలు, అంటే ఛానెళ్లు, నాలుగు దాకా ఉంటాయి. తోలుకు ఒక రంగు, అంచుకు మరొకటి, లోపలి గుడ్డకు ఇంకొకటి వేసుకోవచ్చు. ఒకసారి దక్కిన రంగు ఖాతాలోని పాత్రలన్నిటికీ పనికొస్తుంది, ఎన్నిసార్లు మార్చినా ఖర్చు లేదు. 2014 ఏప్రిల్‌కు ముందు ఏ పాత్ర రంగులు ఆ పాత్రవే. ఆ రోజులు చూసినవారికి దీని విలువ వేరే చెప్పనక్కర్లేదు.

మా ఇంట్లో ఇద్దరం ఆడతాం. మా బావమరిదిది చార్ జాతి యోధుడు. కొమ్ములు, తోక, కవచం నిండా సెలెస్టియల్ తెలుపు, వీపున రెక్కలు, ఒళ్లంతా ఇన్ఫ్యూజన్ల (కవచంలో అమర్చుకునే మెరుపు వస్తువుల) వెలుగు. ఎంతమందిలో ఉన్నా తనే ముందు కనబడాలి. నా సిల్వారి జాతి రేంజర్‌కేమో తడిమట్టి రంగు, ఎండుటాకు రంగు, అంచుకు కాస్త నలుపు. "ఇంత కష్టపడి ఆడేది ఈ బురద రంగు కోసమా బావా?" అని తరచూ అడుగుతాడు. అడవిలో తిరిగేవాడు అడవిలో కలిసిపోవాలని నా పట్టుదల.

ఆ పట్టుదలకు నేను ఎదురుచూడని ఫలం రాత్రిపూట దక్కింది. ఆటలో రెండు గంటలకొకసారి పగలూ రాత్రీ తిరిగి వస్తాయి. సిల్వారీలు చెట్టుకు పుట్టిన జాతి, చీకట్లో వాళ్ల ఒళ్లు మెరుస్తుంది. కాలెడన్ అడవిలో పొద్దుగుంకాక నా పాత్ర మెడ మీద, మోచేతుల మీద లేత నీలి గీతలు ఆకు ఈనెల్లా వెలిగాయి. చుట్టూ ముదురు గుడ్డ ఉండడంతో ఒక్కో గీత విడివిడిగా కనబడింది. తెల్లని కవచమైతే ఆ సన్నని వెలుగు అందులోనే కలిసిపోయేది. వెంటనే పొడవు చేతుల కోటు మార్చి భుజాలు కనబడే స్కిన్ (కవచం పైరూపు) వేశాను, శిరస్త్రాణం దాచేశాను. బావమరిదిని పిలిచి చూపించాను. చాలాసేపు తేరిపార చూసి, "ఇది బాగుంది బావా. మరి పగటి సంగతేమిటి?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. పగలు ఆ గీతలు కనబడవు, అతనికి నా బట్టలు ఇప్పటికీ బురద రంగే.

రంగు మార్చడానికి ఖర్చు లేదన్నాను గానీ, స్కిన్ మార్చాలంటే ట్రాన్స్‌మ్యుటేషన్ ఛార్జ్ అనే టోకెన్ ఒకటి పోతుంది. నగరాల మ్యాపులు పూర్తిచేస్తే అవి దొరుకుతాయి కాబట్టి నాకు లోటు రాలేదు. ఒకే రంగు తోలు మీద ఒకలా, లోహం మీద ఒకలా తేలుతుంది. ప్రివ్యూ చూడకుండా ఖరీదైన రంగు కొనవద్దు. రేంజర్లు వేసుకునే మధ్యరకం కవచాల్లో పొడవాటి కోట్లు ఎక్కువ, తేలిక, బరువు రకాల స్కిన్లు వారికి పనికిరావు. తల నుంచి కాలి దాకా ఒకటిగా వచ్చే ఔట్‌ఫిట్లకు రంగు వేయవచ్చు గానీ, ముక్కలు విడదీసి మరోదానితో కలపలేం. బావమరిదికి అవే ఇష్టం. నాకు కలిపి కూర్చుకోవడంలోనే ఆనందం.

పని ముగిశాక రాత్రి కాసేపు ఆడే మనిషిని, నెలవారీ చందా లేకపోవడం నాకు కలిసొచ్చింది. దుకాణంలో కొత్త బట్ట వచ్చినప్పుడల్లా కొనాలనిపించేవారి లెక్క వేరు. సిల్వారి పాత్ర తీసుకునేవారు మాత్రం ఒంటి వెలుగు రంగును తొందరపడి ఎంచుకోవద్దు, తరువాత మార్చాలంటే అందుకు వేరే కిట్ కావాలి.