వానపాముల పెట్టె, మూడు వసంతాల తర్వాత: ఎరువు సరే, ఎర సరే, ఆ కుళాయి ఒక్కటే…

వానపాముల చేత చెత్తను ఎరువుగా మార్పించే ఈ అరల పెట్టెను కొన్న కొత్తలో, చూసినవాళ్లందరి దగ్గరా తెగ పొగిడాను. ముఖ్యంగా కుళాయిని. ఇప్పుడు కొంచెం సర్దుకోవాలి.

అరలు ఎలా పేర్చాలో, ఏం వేయకూడదో దాంతో వచ్చే కాగితంలోనే ఉంటుంది, వదిలేస్తున్నా. మేం కొన్నది పెరటి కోసం. టమాటా, వంగ నారు కుండీల్లోకి మార్చే వేళకు ఎరువు చేతికొస్తే చాలనుకున్నాం, వచ్చింది. అనుకోని లాభం ఏటి దగ్గర తేలింది. ఎర కోసం తెల్లారకముందే పార పట్టుకుని పెరడంతా తవ్వే పని పోయింది. మూత తీసి, తడి కాగితం ముక్కలతో సహా ఓ గుప్పెడు డబ్బాలో వేసుకుని బయల్దేరడమే. మొదట్లో ముట్టుకోనని ఏడ్చిన మా చిన్నది ఇప్పుడు ఎవరి గాలానికి ఏ పామో తనే పంచుతుంది. లావువి నాకివ్వదు. వసంతం మొదట్లో నీళ్లింకా చల్లగా ఉండి చేపలు బద్ధకంగా ఉంటాయి కదా, అప్పుడు మెరుపు ఎరలు ఎన్ని విసిరినా రానివి అడుగున మెల్లగా మెలికలు తిరిగే పాముకు వచ్చాయి.

ఇక కుళాయి. అడుగు అరలో చేరే నల్లనీళ్లు వంచి తీయడానికి అది. దాని రంధ్రం అడుగుకు వేలెడు ఎత్తున ఉంది. అంటే ఎంత తిప్పినా వేలెడు నీళ్లు లోపలే. ఇది నా కంటపడటానికి ఏడాది పట్టింది.

రెండో వసంతంలో పచ్చిక మొదటిసారి కోసి, బుట్టెడు గడ్డి తెచ్చి పై అరలో కుమ్మరించాను. మూడోరోజు రాత్రి, తెల్లారితే ఏటికి ప్రయాణమనగా, ఎర కోసం వెళ్లి లైటు వేస్తే గోడ మీద పాములు, నేల మీద పాములు, మూత లోపలి వైపు వేలాడుతూ పాములు. కుళాయి తిప్పితే రెండు చుక్కలు. లోపల కాగితం గుజ్జు బిరడాలా బిగుసుకుంది. తీగ పెట్టి పొడిస్తే ఒక్కసారిగా నా కాళ్ల మీదికి వచ్చింది, ఆ వాసన చెప్పను. వానపాములు చర్మంతోనే ఊపిరి పీలుస్తాయి. గాలి ఆడని మురుగు పైకొస్తుంటే అవి మాత్రం ఏం చేస్తాయి? పైనుంచి పచ్చిగడ్డి కుళ్లుతూ వేడెక్కింది. గడ్డి తప్పు నాదే, ఒప్పుకుంటాను. రంధ్రం ఎత్తు మాత్రం నాది కాదు. పిల్లలు టార్చి పట్టుకుని ఏరారు. మా పెద్దాడు తొంభై దాకా లెక్కపెట్టి ఆపేశాడు. మర్నాడు పిండి ఉండలతో కూర్చున్నాం. బెండు రోజంతా కదల్లేదు.

ఇప్పుడు వెనక కాళ్ల కింద చెక్కముక్క పెట్టి పెట్టెను ముందుకు వాల్చాను, కుళాయికి లోపల దోమతెర ముక్క కట్టాను. ఆ తర్వాత ఇబ్బంది రాలేదు. కొన్నవాడే ఇవన్నీ చేసుకోవాలంటే ఆ కుళాయి ఎందుకని నా గొడవ.

ఆ నీళ్లను బంగారమన్నదీ నేనే. ఇప్పుడు పలచన చేసి పూలమొక్కలకే పోస్తున్నా, పచ్చిగా తినే ఆకుల దగ్గరికి పోనివ్వను. ఇంకోటి: ఎరకని వారం వారం గుప్పెళ్లు తీస్తే ఎరువు మందగిస్తుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల పెద్దదవడానికి రెండు మూడు నెలలు పడుతుంది మరి. అందుకని ప్రయాణానికి ముప్పై, అంతే. మిగిలినవి ఏటి ఒడ్డున పారబోయకుండా ఇంటికే తెస్తాం, ఆ నేలవి కానివి అక్కడ వదలడం మంచిది కాదు. ఈ ఎర్రరకం సన్నగా ఉంటుంది, పిల్లల చిన్న కొక్కేలకు బాగుంటుంది, పెద్ద గాలానికి మూడు కలిపి గుచ్చాలి. గుచ్చితే పసుపు రసం కారి వేళ్లు వాసనేస్తాయి.

మాకు పెరడూ ఉంది, ఏరూ దగ్గరే, పాములంటే భయపడని పిల్లలూ ఉన్నారు, కాబట్టి ఉంచుకున్నాం. ఒట్టి ఎర కోసమే అయితే చిల్లులు పెట్టిన మూత బకెట్టు చాలు. ఎండాకాలం ముదిరితే నీడకు చేర్చే ఓపిక లేనివాళ్లకూ వద్దంటాను. మా ఆవిడ మాత్రం ఈ ఏడు టమాటాలు చూపించి ఇంకో పెట్టె కొందామంటోంది. కొంటే కుళాయి లేనిది కొందామన్నాను. ఇంకా తేలలేదు.