హెచ్చరిక: ఉద్యోగం కోసం స్టాటిస్టిక్స్ మాస్టర్స్‌లో చేరబోయేవారు ఫీజు కట్టేముందు ఇది చదవండి

స్టాటిస్టిక్స్‌లో మాస్టర్స్ చేస్తే ఉద్యోగానికి పనికొస్తుందా లేదా అని ఆలోచిస్తున్నవారికి, మరీ ముఖ్యంగా పేరులో స్టాటిస్టిక్స్‌తో పాటు డేటా సైన్స్‌ను కూడా తగిలించుకున్న ప్రోగ్రాములకు ఫీజు కట్టబోతున్నవారికి ఈ హెచ్చరిక రాస్తున్నాను. అలాంటి ప్రోగ్రాము ఒకటి నేను పూర్తి చేశాను. సంస్థ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇదే తీరులో అమ్ముడవుతున్న డిగ్రీలు చాలా ఉన్నాయి, ఒకదాని పేరు చెబితే మిగిలినవన్నీ మంచివేనేమో అనుకునే ప్రమాదం ఉంది. సబ్జెక్టు మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఆ సబ్జెక్టు పేరు పెట్టి నాకు అమ్మిన సరుకు మీదే నా ఫిర్యాదంతా.

బ్రోషరులో అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో ఉండేది ప్లేస్‌మెంట్ శాతం. ఆ శాతానికి హారం ఏమిటని చేరకముందే అడ్మిషన్ల విభాగాన్ని రాతపూర్వకంగా అడిగాను. "మా విద్యార్థుల్లో అత్యధికులు" అన్న మాటనే అటు తిప్పి ఇటు తిప్పి పంపారు తప్ప సంఖ్య మాత్రం చెప్పలేదు. కోర్సు చివర్లో అదే సర్వే ఫారం మా బ్యాచ్ చేతికి వచ్చినప్పుడు లెక్క ఎలా కడుతున్నారో తెలిసింది. ఫారం నింపినవారిని మాత్రమే హారంలోకి తీసుకుంటారు. ప్లేస్‌మెంట్ సెల్‌లో నమోదు చేసుకోనివారు, ఉద్యోగం దొరక్క ఫారం నింపడానికి మనసొప్పనివారు ఆ లెక్కలోకే రారు. లవంలోకి మాత్రం చేరకముందు నుంచే ఉద్యోగం చేస్తున్నవారు, స్టైపెండ్ లేని ఇంటర్న్‌షిప్‌లో ఉన్నవారు, అదే విభాగంలో తాత్కాలికంగా ట్యూటర్లుగా కుదిరినవారు అందరూ వస్తారు.

ఉదాహరణకు 100 మంది ఉన్న బ్యాచ్‌లో 40 మంది ఫారం నింపి, వారిలో 36 మంది ఉద్యోగం ఉందని రాశారనుకుందాం. బ్రోషరులో 90 శాతం అని అచ్చవుతుంది. మిగిలిన 60 మంది సంగతి ఎవరికీ తెలియదు కాబట్టి అసలు శాతం 36 నుంచి 96 వరకు ఎక్కడైనా ఉండవచ్చు. జవాబివ్వనివారి వల్ల అంచనా ఎలా పక్కదారి పడుతుందో శాంపిల్ సర్వేల పేపరులో మాకు పాఠం చెప్పిన విభాగమే ఈ శాతాన్ని అచ్చు వేయించిందన్నది గమనించాలి. జీతాల విషయంలోనూ ఇదే తంతు. ఒకరిద్దరికి వచ్చిన పెద్ద ప్యాకేజీ సగటును అమాంతం పైకి లాగేస్తుంది కాబట్టి మధ్యగతం (జీతాలను వరుసలో పేర్చితే సరిగ్గా మధ్యలో ఉండేది) ఎంతో, దాన్ని ఎంతమంది జీతాల మీద లెక్కించారో అడగండి. జవాబు రాకపోతే అదే మీకు జవాబు.

ఇక చదువు సంగతి. కాగితం మీద సిలబస్ చూస్తే ఎవరూ వేలెత్తి చూపలేరు. శాంపిల్ నుంచి అసలు విలువను అంచనా వేసే ఎస్టిమేషన్ థియరీలో గణాంకవేత్త సి.ఆర్.రావు 1945 నాటి పత్రంతో మొదలైన క్రేమర్–రావు హద్దు, రావు–బ్లాక్‌వెల్ సిద్ధాంతం నుంచి ఉన్న డేటాలోంచే మళ్లీ మళ్లీ శాంపిళ్లు తీసే, 1979లో ఎఫ్రాన్ ప్రతిపాదించిన బూట్‌స్ట్రాప్ వరకు అన్నీ ఉన్నాయి. తరగతిలో మాత్రం స్లైడు మీద సిద్ధాంతం చదివి, నిరూపణ వదిలేసి, సాఫ్ట్‌వేర్‌లో ఏ మెనూ నొక్కాలో చూపించడంతో సరిపెట్టేవారు.

దీనివల్ల ఏం నష్టమో ఒక్క ల్యాబు సంగతి చెబితే తెలుస్తుంది. చిన్న డేటా మీద లాజిస్టిక్ రిగ్రెషన్ (అవును, కాదు అన్న ఫలితాన్ని అంచనా వేసే పద్ధతి) చేయించారు. ఒక చలరాశికి గుణకం 20 దాటింది, దాని ప్రామాణిక దోషం (అంచనాలోని అనిశ్చితి) వేలల్లో వచ్చింది, పి-విలువ (అసలు ప్రభావం లేకపోయినా ఇలాంటి ఫలితం వచ్చే సంభావ్యత) దాదాపు 1గా కనిపించింది. "ప్రాధాన్యం లేని చలరాశి, తీసేయండి" అని చెప్పి అధ్యాపకుడు తర్వాతి స్లైడుకు వెళ్లిపోయారు. నిజానికి ఆ డేటాలో అవును, కాదు అన్న ఫలితాలను ఆ ఒక్క చలరాశే పూర్తిగా విడదీస్తోంది. అలాంటప్పుడు మాక్సిమమ్ లైక్‌లీహుడ్ (డేటాకు అన్నిటికంటే బాగా సరిపోయే గుణకాన్ని వెతికే పద్ధతి) అంచనా అనేదే పరిమితమైన విలువగా ఉండదు, కంప్యూటర్ ఎక్కడో ఒకచోట విసిగి ఆగిపోయి చూపించిన అంకె అది. అందులోంచి వచ్చిన పి-విలువను పట్టించుకోకూడదు. గుణకం అనంతానికి పోకుండా ఆపే, 1993లో డేవిడ్ ఫర్త్ ప్రతిపాదించిన సవరణ వంటివి ఇలాంటి చోట వాడతారు. అంటే అన్నిటికంటే బలమైన చలరాశిని పనికిరానిదని పారేయడం మాకు నేర్పించారు. నా సహాధ్యాయి ఒకరికి ఇంటర్వ్యూలో సరిగ్గా ఇలాంటి అవుట్‌పుట్టే చూపించి ఇది ఎందుకిలా వచ్చిందని అడిగారు. ఆయన తరగతిలో విన్న జవాబే చెప్పారు, ఇంటర్వ్యూ అక్కడితో ముగిసింది.

ఇదంతా చెప్పాక కూడా ఈ డిగ్రీ వృథా అని నేను అనను, ఎందుకంటే కొన్ని ఉద్యోగాల్లో గుమ్మం దాటాలంటే ఇదే కావాలి. మందుల క్లినికల్ ట్రయల్స్‌లో గణాంక పనికి తగిన అర్హత, అనుభవం ఉన్న స్టాటిస్టిషియన్ బాధ్యత వహించాలని 1998 నాటి ఐసీహెచ్ (మందుల నియంత్రణ ప్రమాణాలను దేశాల మధ్య సమన్వయం చేసే సంస్థ) ఇ9 మార్గదర్శకాలు చెబుతాయి. అందుకే బయోస్టాటిస్టిషియన్ పోస్టులకు సాధారణంగా మాస్టర్స్ గానీ అంతకు మించిన డిగ్రీ గానీ అడుగుతారు. ఆ పనికి సర్వైవల్ అనాలిసిస్ (మరణం వంటి ఒక సంఘటన జరిగేదాకా పట్టే సమయాన్ని విశ్లేషించడం), ట్రయల్‌కు ఎంతమంది కావాలో లెక్కించడం, మధ్యలో మానేసినవారి డేటాను ఏం చేయాలో తెలియడం తప్పనిసరి. మా ప్రాస్పెక్టస్‌లో సర్వైవల్ అనాలిసిస్‌కు పునాదులైన 1958 నాటి కాప్లాన్–మీయర్ పద్ధతి, 1972 నాటి కాక్స్ నమూనా రెండూ ఉన్నాయి, కానీ ఎలక్టివ్‌ల జాబితాలో. తగినంతమంది ఎంచుకోలేదని ఆ పేపరు అసలు నడపనే లేదు. ప్రాస్పెక్టస్‌లో ఎలక్టివ్‌ల జాబితా ఎంత పొడుగున్నా, గత రెండేళ్లలో వాటిలో నిజంగా నడిచినవి ఏవో తెలిసేదాకా ఆ జాబితాకు విలువ కట్టకండి.

యాక్చువరీ (బీమా, పెన్షన్ల నష్టభయాన్ని లెక్కగట్టే నిపుణుడు) కావాలనుకునేవారికి ఆ వృత్తి సంస్థల పరీక్షలు వేరే ఉంటాయి. కొన్నిచోట్ల కొన్ని పేపర్లకు మినహాయింపు దొరకవచ్చు గానీ మాస్టర్స్ ఆ పరీక్షలకు బదులు కాదు. డేటా అనలిస్ట్ ఉద్యోగమే లక్ష్యమైతే, ఇప్పటికే గణితంతో డిగ్రీ ఉన్నవారు ఇంత ఫీజు పెట్టడం నా దృష్టిలో దండగ. అక్కడ మొదట పరీక్షించేది ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌లోంచి డేటా తీసే భాష), ఆ తర్వాత ఆర్ గానీ పైథాన్ గానీ ప్రోగ్రామింగ్ భాష, గజిబిజిగా ఉన్న డేటాను శుభ్రం చేయగల ఓపిక. ప్రభుత్వ గణాంక విభాగాల్లో పోస్టుల మీద ఆశ ఉన్నవారు మాత్రం సర్టిఫికెట్ మీద అచ్చయ్యే డిగ్రీ పేరు చూసుకోవాలి. అర్హతలో స్టాటిస్టిక్స్ అని రాసి ఉన్నచోట, రెండు మూడు పేర్లు కలిపి కుట్టిన డిగ్రీ సమానమో కాదో మీరే కాగితాలు పట్టుకుని తిరిగి నిరూపించుకోవలసి వస్తుంది.

బ్రోషరు కింద వరుసగా కనిపించే లోగోలను కూడా నమ్మకండి. బ్రిటన్‌లోని రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ వంటి సంస్థలు కొన్ని డిగ్రీలకు గుర్తింపు ఇస్తాయి, అది పాఠ్యాంశాల ప్రమాణం గురించిన మాటే గానీ ఉద్యోగానికి హామీ కాదు. పైగా విభాగంలో ఒక అధ్యాపకుడికి సభ్యత్వం ఉండటం వేరు, డిగ్రీకి గుర్తింపు ఉండటం వేరు. మా బ్రోషరులో లోగో ఉన్నది మొదటి కారణానికే.

చివరి సెమిస్టర్ ప్రాజెక్టు గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. పరిశ్రమల నుంచి నిజమైన డేటా ఇప్పిస్తామన్నారు. పేరు గొప్ప, ఊరు దిబ్బ. మా బ్యాచ్‌లో కొందరు గణాంకవేత్త ఫిషర్ 1936లో వాడిన, పాఠాల్లో అందరూ వాడే 150 ఐరిస్ పువ్వుల కొలతల మీదే ప్రాజెక్టు సమర్పించి మంచి మార్కులు తెచ్చుకున్నారు. చేరేముందు పాత విద్యార్థుల ప్రాజెక్టు నివేదికలు రెండు మూడు చూపించమని అడగండి. డేటా ఎక్కడిది, ఎన్ని విలువలు లోపించాయి, వాటిని ఎలా సరిచేశారు అన్నది ఆ నివేదికల్లో లేకపోతే ఆ విభాగంలో ఎవరూ నిజమైన డేటా మీద పని చేయించడం లేదని అర్థం.

మరో విషయం, ఇది ఫీజు నిబంధనల్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది. మా సంస్థలో రిఫండ్ గడువు తరగతులు మొదలయ్యేనాటికే ముగిసింది, ఏ ఎలక్టివ్‌లు నడుస్తాయో ప్రకటించింది ఆ తర్వాత. సర్వైవల్ అనాలిసిస్ కోసమే చేరినవారు ఫీజు వెనక్కి ఇవ్వమంటే గడువు దాటిందని చేతులెత్తేశారు. ఈ రెండు తేదీలు రాతపూర్వకంగా తెప్పించుకోండి. రిఫండ్ గడువు ముందుగా ముగుస్తుంటే, మీకు కావలసిన పేపరు నడుస్తుందని విభాగాధిపతి నుంచి రాతలో హామీ వచ్చేదాకా మొదటి విడత కూడా కట్టకండి.